మొదటి పేజీలో ఎర్ర పెట్టె

"పదిహేడు ఎందుకే? పేరు కుట్టొచ్చుగా?"

"పేరు వద్దన్నారు అన్నయ్యా. గది నంబరు కుట్టమన్నారు. అక్కడ అందరి బట్టలూ కలిపి ఉతుకుతారట. నంబరైతే తేలిగ్గా తెలుస్తుందట."

అమ్మడు తలెత్తకుండానే చెప్పింది. ఒళ్లో తల్లి నీలం స్వెటరు బోర్లా పడి ఉంది. మెడ పట్టీ లోపల తెల్ల గుడ్డముక్క వేసి, దాని మీద ఎర్ర దారంతో ఒకటి కుట్టడం అయింది, ఏడు సగంలో ఉంది. నాలుగు గౌన్లు, మూడు జతల మేజోళ్లు, ఒక శాలువా అప్పటికే పూర్తయి బల్ల చివర దొంతిగా ఉన్నాయి. కుట్టు మిషను మీద గుడ్డ కప్పేసి ఉంది. ఈ పని మిషను మీద చేయడానికి ఆవిడకి మనసొప్పలేదు.

వచ్చే ఏటికి యాభై నిండుతాయి. అయినా ఇంట్లో అమ్మడే, వీధిలోనూ అమ్మడే. బట్టలు కుట్టించుకునేవాళ్లు మర్యాద కొద్దీ "అమ్మడుగారూ" అంటారు. ఆ మర్యాదకి ఆవిడ మామూలుగా అయితే నవ్వుతుంది. తల్లి ఆసుపత్రిలో ఉన్న ఈ ఆరు రోజుల్లో ఎవరికీ నవ్వలేదు.

"రేపు పదింటికి డిశ్చార్జి," అంది. "వృద్ధుల హోమ్ వాళ్ల బండి నేరుగా ఆసుపత్రికే వస్తుంది. ఇంటికి తేవద్దన్నాను. అమ్మ ఈ గడప ఎక్కిందంటే ఇంక నేను పంపలేను."

"తొందరపడుతున్నావేమో."

"తొందరా? చంపేశాక నింపాదిగా ఆలోచించనా?"

అన్నగారు గోడకి వేలాడుతున్న కొలత టేపుని వేలికి చుట్టుకోవడం మొదలుపెట్టారు.

ఈయనకి బయట 'గురువుగారు' అని పేరు. తొమ్మిదేళ్ల కిందట తల్లికి మాత్రల వేళ గుర్తు చేయడానికి ఒక ప్రోగ్రాం రాసుకున్నారు. 'మందులవేళ' అని పేరు పెట్టి ఊరికే పంచిపెట్టారు. ఇవాళ ఇంట్లో మంచానపడ్డ మనిషి ఉన్నవాళ్లు వేలమంది దాన్ని ఫోనులో పెట్టుకున్నారు. గంట మోగుతుంది, మాత్ర ఇస్తారు, ఇచ్చామని టిక్కు పెడతారు, గంట ఊరుకుంటుంది. నలభైమంది ప్రోగ్రామర్లు జీతం భత్యం లేకుండా దానికి చాకిరీ చేస్తున్నారు. వాళ్లందరికీ ఆయన మాట వేదం. ఇంట్లో మాత్రం బల్బు మార్చమంటే మూడు వారాలు పడుతుంది.

గుమ్మంలో టీ కప్పు పట్టుకుని నిలబడ్డ మనిషి ఆయన భార్య. అమ్మడికి వదిన, మనకీ వదినే అనుకుందాం. వాళ్లందరి వెబ్‌సైటుకి పేజీల అమరిక చూసేది ఈవిడే. ఏ పేజీ ఎక్కడుండాలి, పై వరసలో ఏ మాటలుండాలి, మొదట కంటికి ఏది ఆనాలి అన్నీ ఈవిడ చేతి మీదుగా జరగాల్సిందే. కుర్రప్రోగ్రామర్లు 'మెనూ మేడం' అంటారు. పక్కింటావిడ ఆ మాట విని, "ఏ హోటలండీ?" అని అడిగింది కూడా.

"అమ్మడూ, టీ," అంది వదిన.

"అక్కడ పెట్టు వదినా."

"హోమ్ వద్దు. ఈ ఒక్క మాట వినవే. నీ చేత్తో ఇంక మాత్ర ఇవ్వనంటున్నావు, నీ చేతులకి ఏమైందని?"

అమ్మడు సూదిని స్వెటరుకే గుచ్చి పక్కన పెట్టింది.

"ఇవాళ పొద్దున చూశాను. ఇన్నాళ్లూ ఆ సైటు తెరవడానికి భయమేసింది. ఇవాళ గుండె రాయి చేసుకుని తెరిచాను. తెరవగానే పైన ఎర్ర పెట్టె ఉంది వదినా. ఇంతింత అక్షరాలు. 'పాత ఫోన్లు వాడేవారు కొత్త వెర్షన్ వేసుకోవద్దు. పెట్టిన టిక్కులు చెరిగిపోయి గంట మళ్లీ మోగుతుంది. అది నమ్మి మాత్ర రెండోసారి ఇవ్వవద్దు.' కింద తేదీ కూడా ఉంది. ఐదు నెలల కిందటిది."

ఆవిడ ఎవరివో కొలతలు చదువుతున్నట్టు చదివింది.

"ఆ పెట్టె కిందే కొత్త వెర్షన్ వేసుకునే బటను. నేను నొక్కింది ఆ బటనే. అంటే అప్పుడూ అది నా కళ్లముందే ఉంది. గుడ్డిదానికైనా కనిపించేది నాకు కనపడలేదు. గంట మోగింది, ఇచ్చాను. మళ్లీ మోగింది, కుట్టుపనిలో పడి ఇచ్చానో లేదోనని 'వేసుకున్నావా అమ్మా' అంటే గుర్తులేదంది, మళ్లీ ఇచ్చాను. మూడు రోజులు రెండేసి గుండె మాత్రలు. ఇంకో పూట ఆగి ఉంటే ఈ స్వెటరుకి నంబరు కుట్టే పని కూడా ఉండేది కాదు."

వదిన చేతిలో కప్పుని బల్ల మీద పెట్టేసింది.

రెండు నెలలుగా ఆ మొదటి పేజీలో ఎర్ర పెట్టె లేదు. ఆ సంగతి వదినకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. తీసేసింది తనే. ఒక బొమ్మ, ఒక వాక్యం, ఒక పెద్ద ఆకుపచ్చ బటను, అంతే ఉండాలని గీసింది తనే. తల్లిని ఆసుపత్రిలో చేర్చడానికి మూడు రోజుల ముందు, శనివారం, అమ్మడు ఆ పేజీ తెరిచినప్పుడు ఆ మూడే ఉన్నాయి.

మరి ఇవాళ పొద్దున ఎలా వచ్చింది?

భర్త వైపు చూసింది. ఆయన కొలత టేపుని వేలి నుంచి విప్పుతున్నారు, ఎంతో శ్రద్ధగా.

"ఏమండీ, ఒకసారి పైకి రండి," అంది వదిన.

కాపురాల్లో 'ఒకసారి' అనే మాటకి అర్థం ఏమిటో కట్టుకున్నవాళ్లందరికీ తెలుసు. గురువుగారు మారు మాట్లాడకుండా మెట్లెక్కారు.

*

వంటింట్లోకి వెళ్లగానే వదిన కుళాయి తిప్పింది. నీళ్ల చప్పుడులో మాటలు కిందికి దిగవని.

"ఎప్పుడు పెట్టారు?"

"బుధవారం."

"అత్తయ్యని చేర్చిన మర్నాడు."

"ఆసుపత్రి వరండాలో కూర్చుని పెట్టాను. ఇంకో ఇంట్లో ఇలా జరక్కూడదని పెట్టాను. అది కూడా తప్పేనా?"

"పెట్టడం తప్పనలేదు. మంగళవారమే మీకు చెప్పాను, ముందు ఆ బటను తీసేయండి అని. చూసుకుంటానన్నారు."

"బటను తీసేస్తే ఎందుకు తీశారని గంటలో వందమంది అడుగుతారు. ఏం చెప్పమంటావు?"

"జరిగింది చెప్పమంటాను. రెండు నెలలు ఆ హెచ్చరిక ఇక్కడ లేదు, ఆ రెండు నెలల్లో వేసుకున్నవాళ్లు వెంటనే చూసుకోండి అని ఒక ముక్క రాయలేకపోయారా?"

ఆయన వంటింటి తలుపు దగ్గరికి వేశారు.

"ఐదు నెలల కిందటి తేదీతో పెట్టారు. అదేదో పుట్టిన్నాటి నుంచీ అక్కడే ఉన్నట్టు."

"తేదీ నేను మార్చలేదు. అది రాసింది అప్పుడే. ఉన్నదున్నట్టు తెచ్చి పెట్టాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు."

"లేదు. ఒక్క అక్షరం అబద్ధం రాయకుండా తీసుకెళ్లి మీ చెల్లెలి నెత్తిన వేశారు."

కుళాయి కింద గిన్నె నిండి పొర్లుతోంది. ఇద్దరూ దాన్నే చూస్తున్నారు.

నిజానికి అసలు లోపం ప్రోగ్రాంలో ఉంది, ఆ ముక్క రాసింది గురువుగారు. పాత ఫోన్లలోనే వస్తుంది, తీరిగ్గా సరిచేద్దామన్నారు. ఆ తీరిక ఐదు నెలలుగా రాలేదు. అందాకా జనం జాగ్రత్త పడాలని ఎర్ర పెట్టె పెట్టారు. దాన్ని తీసుకెళ్లి మూడు పేజీల అడుగున పడేసింది వదిన. మొగుడూ పెళ్లాలు ఏ పనైనా కలిసి చేస్తారని వీధిలో మంచి పేరు. ఇందులోనూ కలిసే చేశారు.

పడేసింది పొగరుతో కాదు పాపం, పద్ధతి ప్రకారమే. పాత మొదటి పేజీలో ముప్ఫై ఒక్క లింకులుండేవి, కాలు పెట్టడానికి చోటుండేది కాదు. వదిన ఒక్కో పేజీ పేరు ఒక్కో చీటీ మీద రాసి భోజనాల బల్ల మీద పరిచింది. వచ్చినవాళ్లని, "మీకు ఏది దేనితో కలుస్తుందనిపిస్తే దానితో కలిపి కుప్ప పెట్టండి" అంది. మధ్యలో నోరు విప్పకూడదు, సాయం చేయకూడదు, అదీ ఆ పనికి నియమం. పదకొండుమంది వచ్చారు. పదకొండుమందీ ప్రోగ్రామర్లే. హెచ్చరిక చీటీని పదకొండుమందీ 'వెర్షన్ల గమనికలు' కుప్పలో వేశారు. వాళ్ల కంటికి అది వెర్షను సంగతి మరి. ఆ కుప్పని ఎక్కడ పెట్టాలంటే 'అభివృద్ధి' అనే మాట కింద, దాని లోపల 'పాతవి' అనే మాట కింద పెట్టారు.

ఆ పూట కింద నుంచి అమ్మడు దారాలు కొనుక్కొచ్చి పైకి ఎక్కింది. "నేనూ ఆడతానే వదినా," అంది. సరదాగా కూర్చుంది. 'హెచ్చరిక' అన్న ఒక్క మాటే రాసి ఉన్న చీటీని తీసి 'కొత్త వెర్షన్ తీసుకోండి' అన్న చీటీ నెత్తి మీద పెట్టింది. రెండిటినీ కలిపి గుండుసూది గుచ్చింది. "ఇది చెప్పకుండా అది ఇవ్వకూడదుగా," అంది.

వదిన నవ్వింది. గుండుసూది తీసేసింది. ఇంట్లో మనిషి, పైగా ప్రోగ్రాముల సంగతి తెలియని మనిషి, ఆవిడ పెట్టిన కుప్పలు లెక్కలో కలిపితే ఫలితం చెడిపోతుందని, ఆ కుప్పలు రాసుకున్న పన్నెండో కాగితాన్ని పక్కన పడేసింది. ఆ సైటుకి వచ్చే వేలమందిలో నూటికి తొంభైమంది అమ్మడి లాంటివాళ్లే అని ఆ రోజు ఆవిడకి తట్టలేదు. ఇప్పుడు తడుతోంది. ఆరు రోజులుగా తట్టని క్షణం లేదు.

"మీ మాట ఎందుకు, నేను మాత్రం చెప్పానా?" అంది వదిన కుళాయి కట్టేసి. "మంగళవారం అంబులెన్సులో చెబుదామనుకున్నాను. అత్తయ్య గండం గట్టెక్కాక చెబుదామనుకున్నాను. కళ్లు తెరిచాక అనుకున్నాను. గంజి తాగాక అనుకున్నాను. సిగ్గు లేదు నాకు."

"చెప్పి?"

"చెప్పి ఏమిటండీ?"

"చెప్పి ఏం సాధిస్తావంటున్నాను. అమ్మ ఆరోగ్యం వెనక్కి వస్తుందా? అమ్మడు ఊరుకున్నా నలభైమంది ఊరుకోరు. వేలమంది ఊరుకోరు. ఎవరు తీశారని తవ్వితే నీ పేరే పైకొస్తుంది. నిన్ను బతకనిస్తారా? వాళ్ల నోళ్లు నీకు తెలియవు."

"నాకు తెలుసు. నేనే కదా వాళ్లకి చర్చావేదిక పేజీ గీసి పెట్టింది."

"నీ కోసమే చేశానే. ఒట్టు. ఇరవై రెండేళ్లు మీరిద్దరూ ఒక్క మాట అనుకోలేదు. ఇది తెలిస్తే అమ్మడు నీ మొహం చూస్తుందా?"

వదినకి ఒక్క క్షణం ఆ మాట తియ్యగా తగిలింది, అబద్ధమెందుకు. తన కోసం ఒక మనిషి ఇంత పని చేశాడు. చేసినవాడు తన మొగుడు. కానీ ఆ తీపి గొంతు దిగలేదు. కింద సూదితో పదిహేడు కుడుతున్న మనిషి కళ్లముందు నిలబడింది.

"నా మొహం చూడకపోతే చూడనీండి. ఇప్పుడు తన మొహం తనే చూసుకోలేకపోతోంది. మీకు కనపడ్డంలేదా?"

"నాలుగు రోజులు ఏడుస్తుంది. అమ్మడు మనది. తర్వాత మెల్లిగా నేను నచ్చజెప్పుకుంటాను."

"అప్పటికి అత్తయ్య పదిహేడో గదిలో ఉంటారు."

గురువుగారు గిన్నెలోని నీళ్లు సింకులో పారబోశారు. తిరిగి బోర్లించారు. గిన్నె తుడిచే పని ఆ ఇంట్లో ఆయన చేయగా ఎవరూ చూడలేదు, ఆ రోజు తుడిచారు.

"హోమ్‌లో బాగానే చూసుకుంటారట," అన్నారు.

వదిన ఆయన వైపు చాలాసేపు చూసింది. పెళ్లిచూపుల్లో కూడా అంత పరీక్షగా చూసి ఉండదు.

"సాయంత్రం నేను చెప్పేస్తాను," అంది.

*

ఆసుపత్రిలో చూడటానికి నాలుగు నుంచి ఆరు వరకే వదులుతారు. రెండో అంతస్తు, కిటికీ పక్క మంచం. గురువుగారు కింద మందుల షాపులో వరసలో ఉన్నారు. ఆడవాళ్లిద్దరూ ముందు పైకొచ్చారు.

పెద్దావిడ తలగడకి ఆనుకుని కూర్చుని ఉంది. మొహం పీక్కుపోయింది గానీ కళ్లు కుదురుగా ఉన్నాయి. కూతురి చేతి సంచీ వైపు చూసింది.

"నా బట్టలు తెచ్చావా? ఇంటికి రేపేనన్నారే సిస్టరు."

"రేపే అమ్మా."

"నా మంచం మీద దుప్పటి మార్చావా?"

"మార్చాలి."

"మరి మార్చవే. వచ్చేసరికి దుమ్ము కొట్టుకుని ఉంటుంది."

అమ్మడు సరేనని తలూపింది. హోమ్ సంగతి తల్లికి ఇంకా చెప్పలేదు. బండి ఎక్కించాక చెబుదామనుకుంది. ఆ ఇంట్లో ఎవరి నోటా చెప్పాల్సిన మాట చెప్పాల్సిన వేళకి బయటికి రావడంలేదు ఆ వారమంతా.

హెడ్ నర్సు చిన్న కాగితం గిన్నెలో మాత్ర పట్టుకొచ్చింది. పొడుగ్గా, గట్టిగా, పని మీద తప్ప మాట మీద కాలం వృథా చేయని మనిషి.

"నోరు తెరవండి మామ్మగారూ."

పెద్దావిడ నోరు మూసుకుంది. చెయ్యి ఎత్తి కూతురిని చూపించింది. "అది ఇస్తుంది."

"సిస్టరే ఇస్తారమ్మా," అంది అమ్మడు.

"ఎనిమిదేళ్ల నుంచి నువ్వేగా ఇస్తున్నావు. ఇప్పుడు కొత్తగా సిస్టరేమిటి? ఇవ్వవే."

అమ్మడు లేచింది. ఒక్కొక్క అడుగే వెనక్కి వేస్తూ కిటికీ దాకా వెళ్లిపోయింది. రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకుంది.

"నా చేతులు బాగోలేవమ్మా."

"ఏం, సూది దిగిందా?" పెద్దావిడ ముందుకి వంగింది. "ఏదీ, ఇలా తే. చూడనీ."

అమ్మడు చేతులు చూపించలేదు. హెడ్ నర్సు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆవిడకి ఇలాంటివి కొత్త కాదు. మాత్ర తనే పెద్దావిడ నోట్లో వేసి, నీళ్లు పట్టి, మూతి తుడిచింది.

"హోమ్ కాగితం మీద ఇప్పుడే సంతకం పెట్టేస్తారా?" అని అమ్మడిని గుమ్మం దగ్గరికి పిలిచి మెల్లిగా అడిగింది. "రేపు పొద్దున హడావిడి. మిమ్మల్నే చూసుకునే మనిషిగా రాసుకున్నాం కాబట్టి మీ సంతకమే కావాలి. ఒకసారి పెట్టారంటే చోటు మీకు ఖాయం."

"ఇప్పుడే పెడతాను."

"ఒక్క నిమిషం సిస్టర్," అంది వదిన. ఆ గొంతు తనదేనా అనిపించింది ఆవిడకే. "అమ్మడూ, ఇలా రా."

వరండాలో ఇనప కుర్చీల వరస ఖాళీగా ఉంది. ఎవరో ఫినాయిల్ నీళ్లతో అప్పుడే తుడిచి వెళ్లారు. అమ్మడు కూర్చుంది. వదిన కూర్చోలేదు.

"ఆ ఎర్ర పెట్టె నువ్వు చూడకపోవడం కాదు," అంది. "అది అక్కడ లేదు. నేను తీసేశాను. రెండు నెలల కిందట కొత్త పేజీ గీసినప్పుడు తీసేసి ఎక్కడో అడుగున పెట్టాను. నువ్వు బటను నొక్కిన రోజు నీకు చెప్పేవాళ్లు ఎవరూ లేరు ఆ పేజీలో. నీ తప్పు లేదమ్మడూ. నాది. అత్తయ్యకి ఆ మాత్రలు నువ్వివ్వలేదు, నేనిచ్చాను."

చెప్పేసింది. ఆరు రోజుల నుంచి గుండె మీద మోస్తున్న బండ కిందికి దిగింది. చెంప దెబ్బకి సిద్ధంగా నిలబడింది. తిట్టినా పడదామనుకుంది, కొట్టినా పడదామనుకుంది.

అమ్మడు తలెత్తి చూసింది. ఆ కళ్లలో కోపం లేదు. జాలి ఉంది.

"కూర్చో వదినా."

"నేను చెప్పింది విన్నావా?"

"విన్నాను. నువ్విలా ఏదో ఒకటి చెబుతావని పొద్దుటి నుంచీ అనుకుంటూనే ఉన్నాను. నీ సంగతి నాకు తెలియదా? నా పాలు విరిగితే నీ చెయ్యి తగిలే విరిగాయని చెప్పే మనిషివి."

"ఓదార్పు కాదే! నిజం!"

"తేదీ ఉంది వదినా. ఐదు నెలల కిందటి తేదీ. నేను రెండుసార్లు చదివాను."

"అది మీ అన్నయ్య మొన్న బుధవారం మళ్లీ పెట్టారు. పాత తేదీతో."

అమ్మడు వదిన వైపు చూసింది. గుడ్డ ముందు నిలబడి ఎక్కడ కత్తెర పెట్టాలా అని చూసే చూపు అది. తర్వాత తల అడ్డంగా ఊపింది.

"అన్నయ్య పెట్టి ఉంటే నాకు చెప్పడా? ఆరు రోజులుగా నన్ను చూస్తున్నాడు. నేను తిండి మానేయడం చూశాడు. నంబర్లు కుట్టడం చూశాడు. నా తప్పు కాదని తెలిసీ నోరు మూసుకుని నిలబడతాడా వదినా? తోడబుట్టినవాడు!"

వదిన ఫోను తీసింది. సైటులో మార్పుల చిట్టా వెతికి పట్టుకుని చేతికిచ్చింది. "చూడు. ఇదిగో, నేను తీసింది. ఇదిగో, ఆయన పెట్టింది. అన్నీ రాసి ఉంటాయి ఇందులో."

అమ్మడు ఫోను దూరంగా పట్టుకుని చూసింది. వరసల మీద వరసలు. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, కూడికలు, తీసివేతలు. కిందికి జరిపింది, పైకి జరిపింది. ప్రోగ్రామర్‌కైతే పది సెకన్లలో తేలేది.

"ఇందులో నాకేం తెలుస్తుంది వదినా," అని ఫోను తిరిగిచ్చేసింది. విసుక్కోలేదు కూడా.

మెట్ల మీద అడుగుల చప్పుడు. గురువుగారు మందుల సంచీతో వస్తున్నారు. ఇద్దరినీ చూసి సగంలో ఆగారు.

"ఏమండీ, చెప్పండి దానికి," అంది వదిన. "నేను చెబితే నమ్మడంలేదు. మీరు చెప్పండి."

"ఏం చెప్పాలి?"

అమ్మడు లేచి అన్నగారి ఎదురుగా వెళ్లి నిలబడింది. చిన్నప్పుడు దెబ్బ తగిలితే వచ్చి నిలబడే దూరంలోనే.

"అన్నయ్యా, నాకు ఇంకేం వద్దు. ఒక్క మాట చెప్పు. నేను బటను నొక్కిన రోజు ఆ ఎర్ర పెట్టె అక్కడ ఉందా, లేదా?"

అప్పుడు కనపడింది వదినకి. ఆ అడిగిన గొంతులో జాలి లేదు, నిబ్బరం లేదు. లేదనిపించుకోవాలని ఆశ ఉంది. ఇందాకటి నుంచీ నమ్మనన్న మనిషే, నమ్మడానికి ఎంత ఆత్రపడుతోందో అప్పుడు కనపడింది. 'లేదు' అన్న రెండక్షరాలు చాలు. తల్లిని ఇంటికి తీసుకెళ్లిపోతుంది. దుప్పటి మారుస్తుంది.

గురువుగారు చెల్లెలిని చూశారు. ఆవిడ భుజం మీదుగా భార్యని చూశారు. భార్య మొహంలో ఏం కనపడిందో, నలభైమంది కనపడ్డారో, వేలమంది కనపడ్డారో, తనకి వంట చేసిపెట్టే మనిషి రేపు ఒంటరిగా కోర్టు మెట్లెక్కడం కనపడిందో. మందుల సంచీని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నారు.

"ఉందమ్మా," అన్నారు. "మొదటి నుంచీ ఉంది."

"ఏమండీ!"

"వదిన వారం రోజుల నుంచి నిద్రపోలేదు అమ్మడూ. నీ బాధ చూడలేక..."

అమ్మడు మొహంలో ఆశ ఎంత తొందరగా వచ్చిందో అంత తొందరగానూ పోయింది. తలూపింది. ఒకసారి కాదు, రెండు మూడుసార్లు.

వెనక్కి తిరిగి వదిన దగ్గరికి వచ్చింది. ఆరు రోజులుగా ఎవరినీ ముట్టుకోని ఆ చేతుల్తో వదిన చెంపలు రెండూ పట్టుకుంది.

"నా కోసం ఇంత నింద మీద వేసుకున్నావు. అమ్మ తర్వాత అమ్మవి నువ్వు," అంది. "అన్నయ్యా, వదినని ఏమీ అనకు."

వదిన నోరు తెరిచింది. ఇంకేం చెప్పినా అది ఆ మంచితనం ఖాతాలోకే పోతుందని తెలిసి, చేతిలో ఫోనుని ఆపేసింది. గురువుగారు ఆవిడ మోచెయ్యి పట్టుకోబోయారు. వదిలించుకుంది.

లోపల హెడ్ నర్సు బల్ల మీద కాగితాలు సర్దుతోంది.

"సంతకం ఎక్కడ పెట్టాలి సిస్టర్?" అని అడుగుతోంది అమ్మడు.

"ఇక్కడ ఒకటి. కింద ఇంకొకటి."

"ఏం కాగితమే అది అమ్మడూ?" అంది మంచం మీంచి పెద్దావిడ.